భోజన విరామంలో కచేరీ

"ఆవిడతో చెప్పు, నా కళ్ళజోడు వియోలా పెట్టె మీద ఉంది, ఇమ్మని."

ఆవిడ అంటే కోడలు. మామగారికి రెండడుగుల దూరంలోనే నిలబడి, స్వరాల కాగితాలు అట్టలో సర్దుతోంది. పెట్టె ఆమె చేతికి అందేంత దగ్గరలో ఉంది.

అత్తగారు స్టవ్వు దగ్గర నుంచి తల తిప్పకుండానే అన్నారు.

"అమ్మాయ్, మీ మామగారికి కళ్ళజోడు కావాలట."

కోడలు కళ్ళజోడు తీసి అత్తగారికిచ్చింది. అత్తగారు భర్తకిచ్చారు. ఆయన పెట్టుకుని పేపరు విప్పారు.

"తొమ్మిది రోజులైంది," అన్నారు అత్తగారు, ఇద్దరిలో ఎవరితోనో తెలియకుండా. "పోస్టాఫీసుకైనా ఆదివారం సెలవుంటుంది. నాకు అదీ లేదు."

మరిది నవ్వబోయాడు. తండ్రి చేతిలో పేపరు అంచు కాస్త కిందికి దిగడం చూసి, ఆ నవ్వుని టీతో పాటు మింగేశాడు.

ఇంతకీ కోడలు చేసిన నేరం ఒక ఉత్తరం.

పెద్ద సంగీత మందిరం వాళ్ళు తమ వార్షికోత్సవంలో ఈ ఇంటి నలుగురినీ వాయించమని పిలిచారు. ఆడపడుచు పాట నడిపే మొదటి వయొలిన్, కోడలు దానికి తోడుండే రెండో వయొలిన్, మామగారు వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వియోలా, మరిది నేల మీద నిలబెట్టి వాయించే సెల్లో. పారితోషికం ఏమీ ఉండదనీ, అయితే మంచి పేరు వస్తుందనీ రాశారు. కోడలు ఎవర్నీ అడగకుండా ఆ సాయంత్రమే జవాబు పంపేసింది. "పేర్లు మా అందరికీ పుట్టగానే పెట్టారండీ. పారితోషికం ఇవ్వగలరేమో దయచేసి తెలియజేయండి."

మందిరం వాళ్ళు మళ్ళీ రాయలేదు.

మామగారు ఆ మందిరపు వాద్యబృందంలో ఇరవై తొమ్మిదేళ్ళు వెనక వరసలో కూర్చున్నారు. రెండేళ్ళ కిందట బృందాన్ని ఎత్తేసినప్పుడు, చివరి రోజున ఆయన కుర్చీ ఆయనే మడిచి మూల పెట్టి వచ్చారు. అదే వేదిక మీద, ముందు వరసలో, సొంత పిల్లలతో కూర్చునే అవకాశం ఇన్నాళ్ళకి వచ్చింది. కోడలు రెండు వాక్యాలతో దాన్ని తోసేసింది.

ఆయన కేకలు వెయ్యలేదు. వేసుంటే ఆ రోజుతో పోయేది. ఆమెతో మాట్లాడడం మానేశారు.

"పదకొండింటికి బయల్దేరాలి," అంది కోడలు. "పన్నెండున్నరకి ఫ్యాక్టరీ వాళ్ళకి భోజనం గంట కొడతారు."

పేపరు ఇంకో పుట తిరిగింది.

"అక్క రానంటోంది వదినా," అన్నాడు మరిది, గొంతు తగ్గించి. "పొద్దున్నుంచీ గడియ తియ్యలేదు."

* * *

ఆడపడుచు గది ముందు కోడలు కాసేపు ఊరికే నిలబడింది. లోపల వయొలిన్ మోగడం లేదు. అదే భయపెట్టింది. ఆ పిల్ల కోపం వస్తే ఇంకా గట్టిగా వాయిస్తుందే తప్ప ఆపదు.

"తలుపు తియ్యి."

"నేను రాను వదినా. చెప్పాను కదా."

"చెప్పావు. నేనే ఒప్పుకోలేదు."

గడియ చప్పుడైంది. ఆడపడుచు గుమ్మంలో నిలబడింది. మనిషి తయారై ఉంది, జుట్టు మాత్రం దువ్వుకోలేదు.

"ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వదినా! కంచాలు కడిగే చోట! దానికోసమా నేను పదహారేళ్ళు సాధన చేసింది? నాన్నగారు మందిరంలో వాయించాల్సిన మనిషి. నువ్వాయన్ని తీసుకెళ్ళి గరిటెల పక్కన కూర్చోబెడుతున్నావు."

"మొన్న నగల దుకాణం ప్రారంభానికి వాయించాం. ఏమిచ్చారు?"

"బొకే."

"అంతకుముందు డాక్టరుగారింట్లో?"

ఆడపడుచు తలుపు గడియని అటూ ఇటూ కదిపింది.

"బొకే," అన్నారు వంటింట్లోంచి అత్తగారు. "ఎండినవన్నీ పెరట్లో ఉన్నాయి. ఏడాదిపాటు పొయ్యిలోకి పనికొస్తాయి."

"అమ్మా, నువ్వూరుకో!"

కోడలు గోడకి ఆనుకుంది. ఈ తొమ్మిది రోజుల్లో పదకొండు గుమ్మాలు ఎక్కి దిగింది. హోటలు మేనేజరు గోడకున్న టీవీ చూపించి, "ఇది ఉందిగా మేడం," అన్నాడు. సోఫాల షోరూం ఆయన, పాట బాగుంటే జనం సోఫాల్లో కూర్చుండిపోతారు, కొనరు అన్నాడు. ఫంక్షన్ హాలు అతను అంతా విని, తన పాపకి ఊరికే నేర్పుతారా అని అడిగాడు. ఇవన్నీ భర్తకి తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే మామగారి మౌనానికి ఇంకో పొర పడుతుందని భయం.

"ఒక్క సంగతి అడుగుతాను, చెప్పు," అంది. "ఈ పదహారేళ్ళలో, 'ఎంత తీసుకుంటారు?' అని నిన్నెవరైనా అడిగారా?"

"అదేం ప్రశ్న?"

"అడిగారా లేదా?"

"...లేదు."

"ఇవాళ మనల్ని పిలిచినావిడ అడిగింది. నేను ఆ ఫ్యాక్టరీ ఆఫీసులో వద్దనిపించుకుని, గేటు దాకా వచ్చేశాను. అక్కడ చొక్కాల కాలర్లు కుట్టించే సూపర్‌వైజరు ఎదురొచ్చి, చేతిలో ఆ పెట్టేమిటమ్మా అంది. చెప్పాను. వెంటనే, ఎంత తీసుకుంటారంది. జవాబు తయారుగా లేదు నా దగ్గర! ఎప్పుడూ ఎవరూ అడగలేదు కదా. అప్పుడావిడ ఏమందంటే... మా దగ్గర ఎవరూ ఊరికే కుట్టరు, మీరు మాత్రం ఊరికే ఎందుకు వాయించాలి అంది."

ఆడపడుచు కళ్ళు దించుకుంది.

"కంచాలు కడిగే చోటే. కానీ అడిగిన మనిషి అక్కడే ఉంది."

వెనక అడుగుల చప్పుడైంది. మామగారు వియోలా పెట్టె పట్టుకుని నడవలోకి వచ్చారు. కోటు వేసుకున్నారు. మందిరంలో వేసుకున్న ఆ నల్లకోటే. మోచేతుల దగ్గర మెరుపెక్కింది.

"వస్తానని మాటిచ్చి వెళ్ళకపోవడం మన ఇంటావంటా లేదు," అన్నారు కూతురితో. తర్వాత వంటింటి వైపు తిరిగారు. "ఆవిడతో చెప్పు. నేను వస్తున్నది మాట కోసం. మనసొప్పి కాదు."

"అమ్మాయ్," అన్నారు అత్తగారు, గరిటె కింద పెట్టి, "ఆయన వస్తున్నారట. మిగతాది నాకు సరిగ్గా వినపడలేదు."

* * *

కోడలి భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇంటి మొత్తానికి వాయిద్యం ముట్టనివాడు అతనొక్కడే. తాళం అంటే తనకి తలుపుకి వేసేదొక్కటే తెలుసని చెప్పుకుంటాడు. కంపెనీ వ్యానులో స్ప్యానర్లూ గ్రీజు డబ్బాలూ పక్కకి నెట్టి సెల్లోకి చోటు చేశాడు. సెల్లోకి సీటు బెల్టు పెట్టాక, తమ్ముడికి సీటు లేదు. వాడు టైరు మీద కూర్చున్నాడు.

దారిపొడవునా నలుగురూ నాలుగు వైపులకి చూస్తూ కూర్చున్నారు. ఫ్యాక్టరీ గేటు ముందు వ్యాను ఆపి అతను వెనక్కి తిరిగాడు.

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు కూడా ఇలాగే మొహాలు పెట్టుకుని నిలబడతారు, ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా," అన్నాడు. "తలుపు తీసేవరకే నా పని. దిగండి."

లోపల కుట్టు మెషిన్ల హోరు వానలా ఉంది. వరసల వెంట తెల్లకోట్లు, నీలం చొక్కాలు, భుజాల దాకా పేర్చిన గుడ్డ ముక్కలు. ఆసుపత్రులకీ, బడులకీ, బస్సు డ్రైవర్లకీ యూనిఫాంలు కుడతారక్కడ. చివర ఇస్త్రీ యంత్రం రెండు నిమిషాలకోసారి బుస్సుమని ఆవిరి వదులుతోంది.

కాలర్ల సూపర్‌వైజరు ఎదురొచ్చింది. పొట్టి మనిషి, మెడలో కొలతల టేపు, చొక్కా చేతికి వరసగా గుండుసూదులు. అందరూ ఆమెని టేపక్క అంటారు. క్యాంటీన్ కమిటీకి పెద్ద ఆమే. ఏడాదికోసారి కమిటీ డబ్బుతో గారడీ వాణ్ణో, నవ్వించేవాళ్ళనో పిలుస్తారు. ఈసారి వీళ్ళని పిలిచింది.

"వేదిక లేదమ్మా. వడ్డించే బల్ల జరిపి చోటు చేశాం," అంది. "నలభై నిమిషాలు. గంట కొట్టాక ఒక్కరూ ఉండరు. ముందే చెబుతున్నా, తర్వాత మనసు కష్టపెట్టుకోవద్దు. గంట కొడితే నేనూ ఉండను."

మామగారు ఆ చోటుని చూశారు. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. వెనక చేతులు కడిగే కుళాయిలు. ఆయన జేబురుమాలుతో ఒక కుర్చీ తుడిచి, వెనక వరసకి లాగబోయి, వెనక వరస లేదని గుర్తొచ్చి ఆగిపోయారు.

గంట మోగింది. మెషిన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దం ఒక్క నిమిషమే. తర్వాత నాలుగు వందలమంది టిఫిన్ డబ్బాలతో లోపలికి వచ్చారు.

* * *

మొదటి పాట ఎవరికీ వినపడలేదనే చెప్పాలి.

మూతలు తీస్తున్న చప్పుడు, కుర్చీలు లాగుతున్న చప్పుడు, "ఇటు రావే, ఇక్కడ చోటుంది" అన్న కేకలు. ముందు బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు మాత్రం నోరు కదుపుతూ ఇటే చూస్తున్నారు. ఆడపడుచు మొహం ఎర్రబడుతోంది. కోడలు పక్క నుంచి చూస్తూనే ఉంది. ఆ పిల్ల కమాను మీద బరువు పెంచుతోంది. గది మొత్తాన్నీ గెలవాలని ఇంకా, ఇంకా నొక్కుతోంది.

టప్ మని తెగింది.

సన్న తీగ ఎగిరి ఆడపడుచు చెంప మీద తగిలింది. కమాను గాలిలో ఆగిపోయింది.

"అయ్యో, దారం తెగింది!" అంది వెనక బల్ల నుంచి ఒకామె.

గది మొత్తం గొల్లున నవ్వింది.

అందులో వెక్కిరింత లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దారాలు తెగే చోటది. వాళ్ళకి తెలిసిన కష్టం ఒకటి ఈ కొత్తవాళ్ళకీ వచ్చింది, అంతే. కానీ ఆ సంగతి ఆడపడుచుకి తెలియదు. ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

కోడలు ఆలోచించలేదు. ఆలోచించే వ్యవధి లేదు. తన వరస వదిలేసి ఆడపడుచు వాయించే పై వరస అందుకుంది. ఆ కాగితాలన్నీ తన చేత్తో రాసి ఎక్కించినవే. నలుగురివీ నోటికి వచ్చు. ఎనిమిదేళ్ళుగా ఆడపడుచు భుజం వెనక నుంచి రోజూ విన్న పాట. అది ఆమె వేళ్ళలోంచి చాలా మామూలుగా, తొందర లేకుండా వచ్చింది. గదిని గెలవాలని చూడలేదు. పక్కనున్నవాళ్ళకి ఏదో చెబుతున్నట్టు వాయించింది.

మరిది ఆమె వంక ఒక్కసారి చూసి సెల్లో చప్పుడు తగ్గించాడు. మామగారు తల ఎత్తలేదు, కానీ ఆయన కమాను ఆమె కమానుతో పాటే లేచింది, ఆమెతో పాటే దిగింది.

ముగ్గురూ చివరి దాకా తీసుకెళ్ళారు.

చప్పట్లు పడ్డాయి. కొన్నే.

"దారం తెగితే మేం మెషిన్ ఆపేస్తాం," అంది టేపక్క, గోడ దగ్గర నిలబడి. "మీరు ఆపలేదే!"

ఇప్పుడు అందరూ ఇటు తిరిగారు.

"కొత్త తీగ వెయ్యాలండీ," అంది కోడలు. "అయిదారు నిమిషాలు పడుతుంది."

"కానివ్వండి. దారం ఎక్కించుకోకుండా ఎవరు కుట్టగలరు?"

ఆడపడుచు కొత్త తీగ చుట్టి, దాన్ని బిగించే బిరడ తిప్పుతోంది. అయిదు నిమిషాలు చాలా పెద్దవి. క్యాంటీన్‌లో మళ్ళీ మాటలు మొదలయ్యాయి. ఒకరిద్దరు డబ్బాలు మూసేశారు. కోడలు గోడగడియారం వంక చూసింది. నలభైలో పదమూడు అయిపోయాయి.

అప్పుడు రెండో బల్ల దగ్గర నుంచి ఒక పెద్దామె లేచింది. వేళ్ళకి సుద్ద అంటుకుని ఉంది. సరాసరి మామగారి ముందుకొచ్చి నిలబడింది.

"బాబుగారూ, మీ చేతిలోదీ వయొలినేనా? కాస్త పెద్దదిగా ఉంది."

"కాదమ్మా. వియోలా."

"దీని మోత ఏది? నేను చెవి పెట్టి విన్నాను. ఆ అమ్మాయిది తెలిసింది, ఆ పెద్దదానిది తెలిసింది. మీది తెలియలేదు."

మామగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఇది మధ్యలో ఉంటుంది. విడిగా తెలియదు. తెలియకూడదు కూడా."

"తీసేస్తే?"

"తీసేస్తే..." ఆయన ఆగారు. ఈ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగినట్టు లేదు. "తీసేస్తే, పైదీ కిందదీ విడిపోతాయి. ఏదో తక్కువైందని తెలుస్తుంది. ఏమిటో తెలియదు."

ఆమె తల ఊపింది, అర్థమైనదానిలా.

"నేను కోట్లకి అస్తరు కుడతాను. లోపలి గుడ్డ. పంతొమ్మిదేళ్ళ నుంచీ. తొడుక్కున్నవాడు కూడా దానివైపు చూడడు. అది లేకపోతే కోటు నిలబడదు." ఆమె పక్కనున్న ఖాళీ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "మీదొక్కటీ వినిపించండి బాబుగారూ."

మామగారు వియోలా తీగల మీద చెయ్యి పెట్టారు.

ఆయన మొహంలో ఏదో కదలడం కోడలు చూసింది. ఇరవై తొమ్మిదేళ్ళు, వేల కచేరీలు. అందులో ఒక్కరోజైనా, మీదొక్కటీ వినిపించండి అని ఎవరైనా అన్నారా?

ఆయన వియోలాని భుజం మీదికి ఎత్తుకున్నారు.

కొత్తదేమీ వాయించలేదు. ఇందాకటి పాటలో తన వరసే వాయించారు. పైపాట లేకుండా, కింద ఊతం లేకుండా, మధ్య వరస ఒక్కటే. విడిగా వింటే అది వింతగా ఉంది. ఒకే చోట తిరుగుతుంది, ఎవరికోసమో ఆగుతుంది, మళ్ళీ తిరుగుతుంది. కానీ ఆ గొంతు! అంత ముదురుగా, అంత వెచ్చగా ఉంటుందని అదే ఇంట్లో ఉండే కోడలికే తెలియదు. మాటలు ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగిపోయాయి. కుళాయి దగ్గరున్నామె చేతులు కడగడం ఆపి కుళాయి కట్టేసింది.

వాయిస్తూనే ఆయన అన్నారు. "ఇప్పుడు కింద."

మరిది అందుకున్నాడు. గదిలో నేల ఏర్పడినట్టయింది.

"రెండోది."

కోడలు చేరింది.

ఆడపడుచు బిరడ వదిలి తీగ మీటి చూసింది. శ్రుతి నిలబడింది. తండ్రి ఆమె వంక తిరిగి, పిలిచినట్టుగా కాదు, చోటు చూపించినట్టుగా తల ఊపారు. ఆమె కమాను ఎత్తింది. ఈసారి నొక్కలేదు. ఆ ముగ్గురి మీద పాటని ఊరికే ఉంచింది, అంతే.

అస్తరు కుట్టే ఆమె మోకాలి మీద చరుచుకుంది. "అదిగో! ఇప్పుడు తెలిసింది! మధ్యలో ఆయనే!"

నాలుగు వందలమంది చప్పట్లు కొడితే ఆ రేకుల కప్పు కింద ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియదు. మరిది నిజంగానే అదిరిపడి సెల్లోని పట్టుకున్నాడు.

తర్వాత ఇంకో మూడు పాటలు. ఒకటి మళ్ళీ వాయించమంటే మళ్ళీ వాయించారు. అది సగంలో ఉండగా గంట మోగింది.

ఎవరూ లేవలేదు.

గుమ్మంలో ఫ్యాక్టరీ మేనేజరు కనిపించాడు. గడియారం వంక చూశాడు, బల్లల వంక చూశాడు. టేపక్క అతనికి అడ్డంగా వెళ్ళి, తను కూర్చోవాల్సిన కుర్చీ తెచ్చి అతని ముందు వేసింది.

"ఈ కాసేపూ సాయంత్రం కుట్టి పూడుస్తాం సార్. కూర్చోండి."

అతను కాసేపు తటపటాయించి కూర్చున్నాడు.

* * *

పదకొండు నిమిషాల తర్వాత జనం డబ్బాలు సర్దుకుని కదిలారు. చాలామంది మామగారి ముందు నుంచే వెళ్ళారు. "వస్తాం బాబుగారూ," అన్నారు. ఒకామె ఆయన కోటు మోచెయ్యి పట్టుకుని చూసి, "దీనికి గుడ్డ మారుస్తాను, వచ్చేటప్పుడు తెండి," అంది.

వచ్చేటప్పుడు! ఆ మాట విని కోడలు గిరుక్కున తిరిగింది.

టేపక్క ఇంకో ముగ్గురితో వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మగాయన.

"వీళ్ళు పక్క మూడు ఫ్యాక్టరీల కమిటీలు. చెప్పుల వాళ్ళు, బల్బుల వాళ్ళు, అట్టపెట్టెల వాళ్ళు. వినమని నేనే రమ్మన్నాను. ముందే చెబితే మీ చేతులు వణుకుతాయని చెప్పలేదు."

"చెప్పకుండానే వణికాయండీ," అన్నాడు మరిది.

"నెలకి నాలుగు గురువారాలు. వారానికొక ఫ్యాక్టరీ. ఏడాదికి ఒప్పుకుంటారా?" ఆమె బల్ల మీద కాగితం పరిచింది. కార్బన్ పెట్టి చేత్తో రాసింది, మార్జిన్ కూడా కుట్టు వేసినంత తిన్నగా ఉంది. "ఇవాళ్టిది ఇదిగో." కవరు కోడలికి ఇచ్చింది.

కోడలు దాన్ని రెండు చేతులా మామగారికి అందించింది.

ఆయన విప్పలేదు. ముందూ వెనకా తిప్పి చూశారు. అత్తగారు అక్కడ లేరు. మాట చేరవెయ్యడానికి ఎవరూ లేరు.

"అమ్మాయ్."

కోడలు చటుక్కున తల ఎత్తింది. "చెప్పండి మామయ్యగారూ."

"మందిరం వాళ్ళకి నువ్వు రాసిన ఉత్తరంలో ఒక తప్పుంది."

ఆమె తల వంచుకుంది. "క్షమించండి. మిమ్మల్ని అడగకుండా..."

"అది కాదు. 'పారితోషికం ఇవ్వగలరేమో' అని రాశావు. అలా దీనంగా రాయకూడదు. 'ఎంత ఇస్తారు?' అని రాయాలి."

మరిది ఫక్కున నవ్వేశాడు. ఈసారి మింగాల్సిన పని లేకపోయింది. మామగారు కూడా నవ్వారు. కోడలు నవ్వుతూనే పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది.

మామగారు కాగితం చదివి, కింద నిదానంగా సంతకం చేశారు. మరిది సెల్లో పెట్టె మీద పెట్టుకుని గీకేశాడు. కోడలు చేసింది. కలం ఆడపడుచుకి అందించింది.

ఆడపడుచు కలం తీసుకుంది. కాగితం మీద పెట్టింది. ఎత్తేసింది.

"నేను సంతకం పెట్టను."

టేపక్క మెడలో టేపు సవరించుకుంటున్న చెయ్యి ఆగిపోయింది.

"ఏమైందే?" అన్నారు మామగారు.

"ఇలా అయితే పెట్టను నాన్నా." ఆమె చెంప మీద తీగ తగిలిన ఎర్రగీత ఇంకా ఉంది. గొంతులో మాత్రం కోపం లేదు. "ఇవాళ నా తీగ తెగాక నాకు చేసే పనేం లేదు కదా, విన్నాను. వదిన ఆ పాట అందుకుంటే ఎలా ఉందో, మీరంతా వాయిస్తున్నారు కాబట్టి, నేనొక్కదాన్నే బయటి నుంచి విన్నాను. నేను ఆ పాటతో పోట్లాడతాను. వదిన మాట్లాడుతుంది."

"ఏదో ఆ నిమిషానికి..." అంది కోడలు.

"కాదు. ఎనిమిదేళ్ళ నుంచీ నా భుజం వెనక దాక్కున్నావు. మన కోసం ఎన్ని గుమ్మాలెక్కావో అన్నయ్య చెప్పాడు నాకు, వ్యాను దిగేటప్పుడు. అవన్నీ ఎక్కినదానివి, ముందు కుర్చీ ఎక్కలేవా? వచ్చే గురువారం నువ్వు ముందు కూర్చుంటానంటే నేను సంతకం పెడతాను. నేను నీ వెనక వాయిస్తాను. లేదంటే ఈ కాగితం టేపక్కకే ఇచ్చేస్తాను."

కోడలు మామగారి వంక చూసింది. ఆయన అడ్డు చెబుతారనుకుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఏమీ విననట్టు కుళాయిల వైపు చూస్తున్నారు.

మరిది వంక చూసింది. వాడు అప్పటికే నాలుగు కుర్చీల్లో రెండింటిని అటూ ఇటూ మార్చేశాడు.

హోటలు మేనేజరు ముందు నిలబడ్డప్పుడు ఆమె తడబడలేదు. మందిరానికి ఉత్తరం రాసినప్పుడు ఒక్క క్షణం ఆగలేదు. ఇప్పుడు ఖాళీ ప్లాస్టిక్ కుర్చీని చూసి వెనకడుగు వేసింది.

"త్వరగా చెప్పమ్మా," అంది టేపక్క, మెల్లగానే. "నేను మెషిన్ దగ్గరికి వెళ్ళాలి."

కోడలు ఆ ముందు కుర్చీ మీద చెయ్యి వేసి ఏదో అంది. సరిగ్గా అప్పుడే పక్క హాల్లో ఎవరో మెయిన్ స్విచ్ వేశారు. మెషిన్లన్నీ ఒక్కసారిగా హోరెత్తాయి. ఆమె అన్న మాట ఆ హోరులో కలిసిపోయింది.

ఆడపడుచు కలం పట్టుకుని ఆమె మీదికి వంగింది.

"ఏమన్నావు వదినా? గట్టిగా చెప్పు!"